పూత మరమ్మతు కాదు

అమెరికాలో మా అబ్బాయి ఉండే ఊరి సరస్సులో అల్యూమినియం పడవలెక్కువ. వాటి అడుగున నీరు ఊరితే చాలామంది మొదట చేసే పని లోపలంతా జిగురు పులమడం. నా దృష్టిలో అది మరమ్మతు కాదు, మరుగుపరచడం.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసే వేళ గ్రమ్మన్ విమాన సంస్థ ఇటువంటి పడవల తయారీకి పూనుకున్నది. విమానపు రేకులను కూర్చినట్లే పడవ రేకులనూ రివిట్లతో కూర్చారు. పద్యానికి సంధి ఎటువంటిదో పడవకు రివిట్టు అటువంటిది. సంధి తప్పితే పద్యం చెవికి కటువవుతుంది. ఇక్కడ ప్రాణానికే ముప్పు. పట్టు సడలిన రేకులు అలల తాకిడికి కదులుతాయి, కదిలేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఎంత జిగురు పూసినా ఆ కదలిక ఆగదు.

కనుక ముందు దోషమెక్కడో తెలియాలి. పడవను ఒడ్డున దిమ్మెలపై నిలిపి, లోపల అడుగు మునిగేంత నీరు పోసి, బయట చెమ్మ కనిపించిన ప్రతి రివిట్టుకూ గుర్తు పెట్టాలి. నీరు తీసి ఆరనిచ్చాక, ఒకరు బయటి తలకు బరువైన ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోగా, మరొకరు లోపలి కొసను సుత్తితో కొట్టి బిగించాలి. రంధ్రం సాగిపోయి ఉంటే పాతదాన్ని తొలిచి, కాస్త లావుపాటి అల్యూమినియం రివిట్టే వేయాలి. రాగిదో ఇనుపదో వేస్తే తడిలో, అందునా ఉప్పునీటిలో, చుట్టూ ఉన్న అల్యూమినియం తరిగిపోతుంది. జిగురుకూ చోటున్నది, అది బిగింపు తరువాతనే.

ఇద్దరు మనుషులు, కొంత ఓపిక. పిల్లలను ఎక్కించుకొని లోతునీటికి వెళ్లే పడవకు ఆ మాత్రం చేయలేమా?