ఎర్రసిరా గీతల వెనుక

పుత్తూరు పేరు చెప్పగానే దూరప్రాంతాలవారికి మొదట జ్ఞప్తికి వచ్చేది కట్టు. ఊరి చెంతనున్న ఈశ్వరాపురంలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే కుటుంబీకుల కీర్తి ఎంత దూరం ప్రాకినదంటే, నేడు చెన్నపట్నం వీధులలో సైతం ‘పుత్తూరు కట్టు’ అనే బోర్డులు కనిపిస్తున్నవి. వాటిలో ఎన్నింటికి మా ఊరితో నిజమైన చుట్టరికమున్నదో విచారించే ఓపిక చేయి విరిగినవానికి ఉండదు.

నా చిన్నతనంలో ఆ కట్టు కోసం వచ్చి కూర్చున్నవారిని పలుకరిస్తే, చింతచెట్టు మీదనుంచి పడినవాడొకడు, ఎద్దులబండి బోల్తాపడినవాడొకడు, దిగుడుబావి మెట్టు జారినవాడొకడు. ఈనాడు పలుకరించి చూడండి. చాలామంది నోట మోటారు సైకిలు మాటే వస్తుంది. అప్పుడూ ఇప్పుడూ కూడ ప్రతివాడూ తన ఎముక తన గ్రహచారం వల్లనే విరిగినదనుకొంటాడు. మరి ఇంతమంది గ్రహచారాలు ఒక్క తరంలోనే చింతచెట్టు దిగి మోటారు సైకిలు ఎట్లా ఎక్కినవి? ఎముక అతికే విధం కట్టు కట్టేవారికి తెలుసు. ఎముకలు విరిగే తీరు మారిన కారణం చెప్పవలసిన శాస్త్రం వేరొకటి ఉన్నది. అదే సమాజ శాస్త్రం.

అమెరికా దేశపు సమాజ శాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో వెలువరించిన గ్రంథంలో ఈ భేదాన్ని తేటగా చెప్పినాడు. లక్షమంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే, ఆ మనిషి నేర్పునూ నడవడినీ పరిశీలించవచ్చు. ఐదు కోట్లమంది శ్రామికులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే, ఒక్కొక్కని నడవడి విచారిస్తూ కూర్చోవడం వృథా. అక్కడ విచారించవలసినది ఆ దేశపు ఏర్పాటును. ఒక్కని కష్టం ఎక్కడ ముగుస్తుందో, అందరి సమస్య ఎక్కడ ఆరంభమవుతుందో గుర్తించగల చూపు కావాలన్నది ఆయన వాదం. ఈ వాక్యాలు చదివి తల ఊపడం సులభమే. నేనూ ఊపినాను. నా తరగతి గదిలో ఆ చూపు నాకు లేదని చాలా కాలానికి గాని తెలియలేదు.

ఇరవై యేండ్ల క్రిందటి మాట. మా తరగతిలో నేతవారి వీధి నుంచి వచ్చే కుర్రవాడొకడు ఉండేవాడు. బుద్ధిమంతుడు; పద్యం చెబితే కన్నార్పక వినేవాడు. కాని కలం పట్టితే ‘గది’ని ‘కది’ అని, ‘దారి’ని ‘తారి’ అని, ‘బడి’ని ‘పడి’ అని వ్రాసేవాడు. ఒకనాడు అతని నోటుపుస్తకం తీసి, వ్రాసినది వ్రాసినట్లుగా తరగతికి చదివి వినిపించినాను. అందరూ నవ్వినారు. ‘ఏమయ్యా, మీ నాయన మగ్గం మీద పోగు చూచుకొన్నంత శ్రద్ధగానైనా నీవు అక్షరం చూచుకోరాదా?’ అన్నాను. అతడు లేచి నిలబడి, ‘తప్పు నాదే సార్’ అన్నాడు. ఆ మరుసటి ఏడు కళాశాలకు రాలేదు. మరమగ్గాల పనికి పోయినాడన్నారు. ఇంట అప్పులున్నవని కూడ విన్నాను కనుక, అతని చదువు ఆగడానికి నా మాటే కారణమనలేను. కాదని కూడ అనలేను.

తరువాత కొన్నేండ్లకు పరీక్ష పత్రాలు దిద్దుతూ ఉండగా అదే ‘కది’, అదే ‘తారి’ వేరు వేరు చేతివ్రాతలలో ఎదురైనవి. ఎవరెవరని విచారిస్తే అందరివీ దాదాపు అవే వీధులు. ఒక్కడు చేసిన తప్పు అశ్రద్ధ కావచ్చును. ఒకే తప్పు ఇంతమంది చేసినప్పుడు అది దేనికో ఆనవాలు.

ఆ వీధులలో అనేకుల ఇంటిభాష తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగు వర్ణాలకూ అక్షరం ఒక్కటే. త వర్గానికీ ప వర్గానికీ కూడ అంతే. ఏ చోట ఏ ధ్వని పలకాలో మాటలో దాని స్థానమే చెబుతుంది. ఆ భాషలో జోల విన్న చెవికి మాట మొదటి ‘గ’కూ ‘క’కూ మన మెంచే భేదం పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది. నేర్పవలసిన ఉద్యోగం నాది. నేను నవ్వించినాను.

ఇంతకూ తమిళం మాటాడే ఇంటి బిడ్డ తెలుగు బడిలో ఎందుకు కూర్చున్నట్లు? ఇక్కడే ఒక్క కుర్రవాని నోటుపుస్తకం దేశచరిత్రలోకి పోతుంది. కార్వేటినగరం జమీలో భాగమైన ఈ ప్రాంతం 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ ఏట చిత్తూరు జిల్లా ఏర్పడినది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినది. పటాస్కర్ తీర్పును అనుసరించి 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చినారు. సత్యవేడు ఇటు వచ్చినది. తిరుత్తణి మాకు రైలులో కొద్ది స్టేషన్ల దూరం. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తెలుగు కుటుంబంలో పుట్టినది ఆ ఊరి ప్రాంతంలోనే. అక్కడి తెలుగు ఇండ్ల పిల్లలకు 2006 నాటి తమిళ బోధన చట్టం తరువాత ఒకటవ తరగతి నుంచే తమిళం తప్పనిసరి అయినది. గీతకు అటువైపున ఏ పంతులో ఏ తెలుగు పిల్లవాని తమిళం చూచి ఇట్లాగే నవ్విస్తూ ఉండవచ్చును. గీత గీసినవారెవరూ ఈ పిల్లలను ఎరుగరు. పిల్లలు మాత్రం తప్పు తమదే అనుకొంటారు.

నా మిత్రుడొకడు దీనికి అడ్డు చెబుతాడు. ‘అదే వీధి నుంచి వచ్చి ముత్యాల వంటి తెలుగు వ్రాసినవారు లేరా? సమాజం పేరు చెప్పి సోమరితనానికి గొడుగు పట్టకండి’ అంటాడు. ఉన్నారు, నేనెరుగుదును. అయితే వారు నడిచిన దూరం, తెలుగింట పుట్టిన నా వంటివాడు నడిచిన దూరం ఒకటి కావు. ఆ దూరం తెలిసినప్పుడే వారి ఘనత కూడ తెలుస్తుంది. ‘గది’ని ‘గది’ అనే వ్రాయాలి, అందులో సందేహం లేదు. నేను మార్చుకొన్నది ఎర్రసిరాను కాదు, దిద్దేటప్పటి మాటను.

సాహిత్యం చెప్పేవానికి ఈ లెక్కలెందుకని అడిగేవారికి గురజాడవారిని చూపుతాను. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్కానికి ఆయన ఇంగ్లీషులో వ్రాసిన పీఠిక తీసి చూడండి. విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాలకు విజయనగరం మహారాజు జాబితా వ్రాయించినారు. లెక్కకు వచ్చినవి 1,034. అందులో ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ జాబితా చదివిన తరువాత అగ్నిహోత్రావధాన్లు కేవలం ఒక ముక్కోపి అయిన తండ్రిగా కనిపించడు. లుబ్ధావధాన్లు కేవలం ఒక పిసినారి ముసలివాడు కాడు. అయినా ఆ అంకెలు మాత్రమే ఉండి నాటకం లేకపోతే బుచ్చమ్మ దుఃఖం మనకు తెలిసేదా? జాబితా, నాటకం రెండూ ఒకే పుస్తకపు అట్టల నడుమ ఉండడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. మన కళాశాలలలో నాటకం మేమూ, జాబితా పొరుగు శాఖవారూ పంచుకొని కూర్చున్నాము.

ఈ పంపకం సరి కాదని నా అభిప్రాయం. ఎస్.సి. దూబే మన హైదరాబాదు ప్రక్క శామీర్‌పేటను పరిశీలించి 1955లో గ్రంథం వెలువరించినారు. అందుకు ఆయన సముద్రాలు దాటవలసి రాలేదు. తెలుగు చదివే విద్యార్థి కూడ తన వీధిలో ఎవరు ఏ భాషలో ఏడుస్తారో, ఏ భాషలో లెక్కలు వేస్తారో అడిగి వ్రాసుకొని రావచ్చును. కొన్నేండ్లుగా నేను మొదటి తరగతినాడు ఒక్క ప్రశ్న ఇస్తున్నాను: మీ అవ్వ ఏ భాషలో కథలు చెప్పేది? కాగితాలన్నీ దాచినాను.

ఈ ఏడు ఒక అమ్మాయి వ్రాసినది: తన అవ్వ కథంతా తమిళంలోనే చెప్పేదట, కథలోని రాజు మాత్రం తెలుగులో మాటాడేవాడట. ఆ వాక్యంలో రెండు అక్షర దోషాలున్నవి. దిద్ది, అవ్వ చెప్పిన కథ ఏమిటో రేపు తరగతిలో చెప్పమన్నాను.