నల్లమల ద్వారము

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు రహదారి మన్ననూరు దాటగానే అడవిలో ప్రవేశించును. అటనుండి ఆనకట్ట దిగువ కృష్ణను దాటువరకు ఇరుప్రక్కల నల్లమద్ది, మోదుగ, వెదురు. వేసవిలో ఆకురాలి బూడిదవన్నెగా నుండు ఈ కొండలే తొలకరి వానలకు గుర్తింపరానంతగా పచ్చబడును. ఫరహాబాదు కొనపై నిలిచి లోయను చూచినవారు కొంతసేపు మాటలాడరు. ఇంతకన్న చక్కని దారి మేమెరుగము.

1983లో పులుల సంరక్షణ పథకమున చేరిన నాగార్జునసాగరు-శ్రీశైలము అభయారణ్యము 2014 నాటి రాష్ట్ర విభజనముతో రెండైనది. కృష్ణకు ఉత్తరమున నున్న భాగమే అమ్రాబాదు అభయారణ్యము. విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు.

రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 వరకు మన్ననూరు ద్వారమును మూయుదురు. దీనిపై మన పట్టణవాసులకు చాల కోపము. దేవుని చూడబోవువారిని మృగముల కొరకు ఆపుటయా యని అడుగుచున్నారు. ఆపవలసినదే యని మా మతము. దీపపు వెలుగు కన్నులబడిన దుప్పి పరుగిడక నిలిచిపోవును; వేగమున వచ్చు బండి నిలువదు. పగటివేళ మనవారి ప్రవర్తన మాత్రమెట్లున్నది? కోతులకు అరటిపండ్లు విసరుట, సంచులను అచ్చటనే పారవేయుట! (ఇది పుణ్యమని వాదించు వకీలు మిత్రుడొకడు మాకు కలడు. ఆ పండుకై వచ్చి చక్రముల క్రింద పడిన కోతిని ఎవరి ఖాతాలో వ్రాయవలెనో అతడు చెప్పలేదు.)

మా సందేహము వేరొకటి. దోమలపెంట, ఈగలపెంట యను పేళ్లలోని పెంట చెంచుల నివాసము. మనము మల్లికార్జునుడనువానిని వారు చెంచు మల్లయ్య యందురు. తేనె, గడ్డలు, బంక వారి జీవనము. రుసుము చెల్లించి వాహనమెక్కి పులిని చూడవచ్చినవానికి స్వాగతము పలుకు అడవిలో, పుట్టినవానిని వెడలిపొమ్మనుట న్యాయమా? కుటుంబమునకు 15 లక్షల రూపాయలిచ్చి తరలించు పథకము కలదు. ఇచ్ఛాపూర్వకమే యందురు. అక్షరమెరుగనివాని వ్రేలిముద్ర ఎంత ఇచ్ఛాపూర్వకమో న్యాయస్థానములలో తిరుగు మాకు తెలియును.

అడవి ప్రక్క బ్రతుకువారిపై అటవీశాఖ చేయి ఎంత బరువో తెలుగువారికి క్రొత్తగాదు. పల్నాటిలో 1921లో ప్రజలు పుల్లరి కట్టమని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు మించాలపాడున గుండ్లకు బలియయ్యెను. నాడు పరాయి ప్రభుత్వము. నేడు మన శాసనమే మన చేతిలో నున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము 4వ సెక్షను ప్రకారము ముందు హక్కుల నిర్ణయము ముగియవలెను. మనుష్యుడును మృగమును కలసియుండుట సాధ్యము కాదని తేలవలెను. గ్రామసభ తెలిసి, నిర్బంధము లేక, వ్రాతపూర్వకముగా సమ్మతింపవలెను. క్రొత్తచోట వసతులు పూర్తియైన పిదపనే కదలింపవలెను. ఇందొక్కటి లోపించినను ఆ తరలింపు చెల్లదని మేము వాదింతుము.

చెంచులున్నచో పులి నిలువదను మాటను మేమంగీకరింపము. 2019లో యురేనియము కొరకు ఈ అడవిని త్రవ్వజూచినపుడు అడ్డు నిలిచినవారిలో చెంచులుండిరి. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ త్రవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానించెను.

కావున పఠనమందిరముల మిత్రులకు రెండు కోరికలు. రాత్రివేళ ద్వారము తెరువుమను మహజరు మీ యొద్దకు వచ్చినచో చేవ్రాలు చేయకుడు. చట్టమెరిగిన యువకులు వచ్చు సెలవులలో శ్రీశైలము పోవునపుడు ఒక దినము ముందుగా బయలుదేరి పెంటలలో దిగి, ఆ 4వ సెక్షనును సులభమైన తెలుగున చదివి వినిపింపుడు. మేమును వత్తుము.