మిగతా కథ వెండితెర మీద

ఒకప్పుడు సినిమా హాళ్ళ దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. పల్చని కాగితం, నాలుగైదు పేజీలు, అట్ట మీద నాయికానాయకుల బొమ్మ. పాటలకు ముందు కథాసంగ్రహం ఉండేది. నాయకుడు పేదవాడు, నాయిక జమీందారు బిడ్డ, మేనమామ దుర్మార్గుడు అంటూ బాగానే చెప్పుకొచ్చి, సరిగ్గా నాయకుడి మీద హత్యానేరం పడ్డచోట ఆ రచయిత కలం ఆపేసేవాడు. తరువాత ఏమయిందో వెండితెర మీద చూడమని ఒక వాక్యం వ్రాసి దణ్ణం పెట్టేవాడు.

పేరైనా అచ్చుకాని ఆ రచయితను తక్కువ అంచనా వేయకండి. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు. కోట్లు ఖర్చుపెట్టి తీసిన చిత్రాలకు ఈ రోజుల్లో తయారవుతున్న ట్రైలర్లలో చాలావాటికి తెలియనిది అదే.

ట్రైలర్ అంటే వెనకాల వచ్చేది అని అర్థం. తొలిరోజుల్లో దానిని అసలు చిత్రం అయిపోయాక చూపేవారు గనుక ఆ పేరు వచ్చింది. ఆట అయ్యాక జనం ఎందుకు కూర్చుంటారు? లేచి చక్కా పోతారు. అందుకని దాన్ని ముందుకు తెచ్చారు. స్థానం మారింది గాని పేరు మారలేదు. అలా సినిమాకు తోక తలకాయ దగ్గరికి వచ్చింది.

ఇక అసలు సంగతి. భయపెట్టే చిత్రం, నేరపరిశోధన చిత్రం మొదటి మూడు నిమిషాల్లో మనల్ని ఎలా పట్టుకుంటుంది? "ఏముంది, గుట్టు దాచిపెడతారు, అంతే" అంటారు చాలామంది. నా ఉద్దేశంలో అది సగం మాటే. గుట్టు దాచడం ఎవరికైనా చేతనవును. ఏది బయటపెట్టాలో తెలియడమే విద్య.

ఉత్కంఠ అనే మాటనే తీసుకోండి. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ పైకెత్తి చూడడం ఉత్కంఠ. మనిషి మెడ ఎప్పుడు ఎత్తుతాడు? ఎదుట గోడ లేకపోతే ఎత్తనక్కరలేదు, అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. గోడ ఆకాశమంత ఎత్తున్నా ఎత్తడు, ఎలాగూ కనపడదు. గోడ మీదుగా అవతలివాడి తలపాగా ఒక్కటి కదులుతూ కనిపించాలి. అప్పుడు మునివేళ్ళ మీద లేస్తాడు.

ఈ సంగతిని ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అనే దర్శకుడు 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోకు ఒక ఉదాహరణతో వివరించాడు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. ఎంతసేపు? పదిహేను సెకన్లు. అదే బాంబు అక్కడ పెట్టడం ప్రేక్షకుడు ముందే చూశాడనుకోండి. ఎప్పుడు పేలుతుందో తెలుసు, గోడ మీద గడియారం కనిపిస్తోంది. అవే పనికిమాలిన కబుర్లు పదిహేను నిమిషాలపాటు ఊపిరి బిగబట్టి వింటాడు. "అయ్యా, కబుర్లు ఆపి బల్ల కింద చూడండి" అని అరవాలనిపిస్తుంది.

ఇది హిచ్‌కాక్ చెప్పేదాకా మనకు తెలియని రహస్యమేమీ కాదు. పద్మవ్యూహం కథ ఎన్నిసార్లు వినలేదు! నేను దారి చేస్తాను, వెనకనే మీరు రండి అని పెదతండ్రులతో చెప్పి అభిమన్యుడు రథం తోలిస్తాడు. వెనక ఎవరూ రాలేరని, ఆ ఒక్కరోజుకు సైంధవుడికి వరం ఉందని వినేవాళ్ళకు తెలుసు. ఆ పిల్లవాడికి తెలియదు. కథ తెలిసినా, వందసార్లు విన్నా, ఆ రథం కదిలేటప్పుడు గుండె పట్టేస్తుంది. వినేవాడికి ఒక మాట ఎక్కువ తెలియడం, కథలోని మనిషికి ఒక మాట తక్కువ తెలియడం, ఈ రెంటి నడుమ ఉన్న ఎడమే ఉత్కంఠ.

దీన్ని తెర మీద ఇంతకన్న బాగా చూపిన ఆరంభం అరుదు అనదగ్గది 1958 నాటి 'టచ్ ఆఫ్ ఈవిల్'. దర్శకుడు ఆర్సన్ వెల్స్. తెర వెలగగానే రెండు చేతులు ఒక బాంబుకు గడియారం తిప్పుతాయి. ఒక నీడలాంటి మనిషి పరుగెత్తి, ఆగివున్న కారు వెనక డిక్కీలో దాన్ని పెట్టి మాయమవుతాడు. ఇంతలో ఒక పెద్దమనిషి, ఒక పడుచు నవ్వుకుంటూ వచ్చి కారెక్కుతారు. కారు కదులుతుంది. కెమెరా క్రేన్ మీద ఇళ్ళ కప్పుల మీదుగా లేచి, వీధిలోకి దిగి, కారును వెంబడిస్తుంది. అది మెక్సికో, అమెరికా సరిహద్దు పట్నం. అదే వీధిలో కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నడిచి పోతోంది. కారు వాళ్ళను దాటుతుంది, వాళ్ళు కారును దాటుతారు. సరిహద్దు కాపలావాళ్ళ దగ్గర కారు, జంట పక్కపక్కనే ఆగుతారు. నా తలలో ఏదో టిక్ టిక్ మంటోందని కారులోని పడుచు అంటుంది. కాపలావాడు వినిపించుకోడు. కారు ముందుకు పోతుంది. కొత్త దంపతులు ముద్దు పెట్టుకోబోతారు. అప్పుడు పేలుతుంది.

మూడు నిమిషాల పైచిలుకు. మధ్యలో ఒక్క కత్తిరింపు లేదు. ఎందుకు లేదు? గొప్ప చూపడానికి కాదు. కత్తిరిస్తే ప్రేక్షకుడు కాస్త తేరుకుంటాడు. కొంత కాలం దాటేశారేమో అనుకుంటాడు. కత్తిరింపు లేనప్పుడు బాంబు గడియారం, మన చేతిగడియారం ఒక్కటే అయిపోతాయి. తప్పించుకునే సందు ఉండదు.

ఈ దృశ్యానికి ఒక విషాదం ఉంది. వెల్స్ చేతిలోంచి నిర్మాణ సంస్థ చిత్రాన్ని తీసుకుని తన ఇష్టప్రకారం కూర్పు చేసింది. ఆ మూడు నిమిషాల మీద నటీనటుల పేర్లు, సాంకేతికుల పేర్లు వేసింది. హెన్రీ మాన్‌సినీ సంగీతం దట్టించింది. ఆ సంగీతం మంచిదే. కాని పేర్లు పడుతుంటే కన్ను అక్షరాలు చదువుతుందా, కారును చూస్తుందా? 1957 చివర సంస్థవారి కూర్పు చూసిన వెల్స్, ఏది ఎలా ఉండాలో వివరిస్తూ 58 పేజీల లేఖ వ్రాశాడు. చాలా భాగం బుట్టదాఖలయింది. 1985లో ఆయన పోయాడు. 1998లో వాల్టర్ మర్చ్ అనే కూర్పరి ఆ లేఖను దగ్గర పెట్టుకుని చిత్రాన్ని మళ్ళీ కూర్చాడు. పేర్లు తీసేశాడు. నేపథ్యసంగీతం తీసేసి, వెల్స్ కోరినట్టు వీధిలోని శబ్దాలే వినిపించాడు. ఒక్కొక్క క్లబ్బు ముందుకు వచ్చేసరికి ఒక్కొక్క పాట. ఆ పాటల మధ్య కారులోని రేడియో.

ఆ రేడియోలో ఉంది కిటుకు. కారు తెర మీంచి తప్పుకున్నా రేడియో దగ్గరయితే బాంబు దగ్గరయిందని, దూరమయితే బాంబు దూరమయిందని చెవికి తెలుస్తుంది. దంపతుల ముఖాలు చూస్తున్నాం, చెవి మాత్రం బాంబును కనిపెట్టుకుని ఉంది. పెద్ద సంగీతం చేయలేని పని చిన్న రేడియో చేసింది. ఆ సంగతి లోకానికి తెలియడానికి మనిషి పోయాక పదమూడేళ్ళు పట్టింది.

ఇక ట్రైలర్ సంగతికి వస్తే, హిచ్‌కాక్ 1960లో 'సైకో'కు చేసినదాన్ని మించినది నాకు తోచదు. ఆరు నిమిషాల పైమాట. అందులో ఆ చిత్రంలోని దృశ్యం ఒక్కటీ లేదు. ఆ లావుపాటి పెద్దమనిషి తానే ప్రత్యక్షమై, ఇల్లు అద్దెకు చూపే దళారీలాగా సెట్టింగంతా తిప్పి చూపిస్తాడు. ఇదుగో హోటలు, అదుగో పాత ఇల్లు. రెండో హత్య ఈ మెట్ల దగ్గరే జరిగిందంటాడు. పడిన తీరు చెప్పబోయి, ముఖం చిట్లించి, మాట మధ్యలో మింగేస్తాడు. చివరకు స్నానాలగది. అంతా కడిగేశారు, మీరు ముందు చూడవలసింది అంటాడు. తెర పక్కకు లాగుతాడు. ఒక స్త్రీ కెవ్వున అరుస్తుంది. అంతే.

గమనించారా? హత్యలు జరుగుతాయని చెప్పాడు, ఎక్కడ జరుగుతాయో వేలుపెట్టి చూపాడు. ఎవరు చేశారన్నది ఒక్కటే దాచాడు. పైగా ఆ అరిచిన నటి వేరా మైల్స్. చిత్రంలో ఆ గదిలో స్నానం చేసేది జానెట్ లీ! అసలు చిత్రానికి వచ్చి కూర్చున్న ప్రేక్షకుడు స్నానాలగది తెర కనిపించగానే గొంతు తడారిపోయి కూర్చుంటాడు. ట్రైలర్ చిత్రాన్ని చెడగొట్టలేదు సరికదా, హాల్లోకి రాకముందే అతని కుర్చీ కింద బాంబు పెట్టింది.

చెప్పడానికే లేనప్పుడు దాచడం కూడా కలిసివస్తుంది. 1975 నాటి 'జాస్' కోసం చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించింది. దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చూపకుండానే చాలాదూరం నడపవలసి వచ్చింది. మొదటి దృశ్యంలో రాత్రివేళ ఈదుతున్న ఒక అమ్మాయి, నీళ్ళు, అంతే. ప్రమాదం ఎక్కడుందో తెలుసు, ఎలా ఉంటుందో తెలియదు. ఆ తరువాత జాన్ విలియమ్స్ రెండు స్వరాలు మోగితే చాలు, ఖాళీ నీళ్ళను చూసి జనం జడిసేవారు.

సంస్కృత నాటకం చదువుకున్నవాళ్ళకు ఇదంతా పాత చుట్టంలాగానే కనిపిస్తుంది. భరతముని పూర్వరంగంలో 'ప్రరోచన' అని ఒక అంగం చెప్పాడు. ప్రేక్షకులకు రాబోయే నాటకం మీద రుచి పుట్టించడం దాని పని. ట్రైలర్‌కు ఇంతకన్న మంచి పేరు ఏముంది? విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం' ఆరంభం చూడండి. సూత్రధారుడు భార్యతో గ్రహణం గురించి మాట్లాడుతూ, చంద్రుణ్ణి క్రూరగ్రహం పట్టబోతోందంటాడు. వెంటనే తెరవెనక నుంచి ఒక గర్జన. నేనుండగా చంద్రుడి మీద చేయివేసే మొనగాడెవడని! చంద్రుడంటే ఆ మనిషికి చంద్రగుప్తుడు. సూత్రధారుడు హడలిపోయి తప్పుకుంటాడు. విడిపోయిన శిఖను నిమురుకుంటూ చాణక్యుడు ప్రవేశిస్తాడు. నందులు నశించినా ఆ శిఖ ఎందుకు ముడిపడలేదు? ఆ ముడి నాటకం చివరనే పడుతుంది. గొప్ప ఆరంభమంటే అప్పుపత్రం వంటిది. ముగింపులో వడ్డీతో తీర్చాలి. 2013లో మలయాళంలో వచ్చి, మరుసటేడు తెలుగులోకి దిగిన 'దృశ్యం' సంగతీ అంతే. మలయాళ చిత్రం మొదట్లో ఒక మనిషి కొత్త పోలీసు స్టేషనులో కూర్చుని ఉంటాడు. అందులో విశేషమేముంది అనుకుంటాం. చివరి దృశ్యం చూశాక గాని ఆ మొదటి దృశ్యం విలువ తెలియదు. ఏమిటో నేను చెప్పను. చూడనివాళ్ళు ఇంకా ఉండవచ్చు.

మరి ఇప్పటి ట్రైలర్లో? మొన్న ఒక విద్యార్థి సెల్‌ఫోనులో ఒకటి చూపించాడు. మొదట నిశ్శబ్దం, నీటిబొట్టు చప్పుడు, నల్లని తెర. తరువాత పెద్ద బూర ఊదిన మోత. 2010లో 'ఇన్‌సెప్షన్' వచ్చిన దగ్గర నుంచి ఈ బూరను ఊరూరా ఊదుతున్నారు. ఆ పైన దృశ్యాలు రెండు సెకన్లకొకటి, సెకనుకొకటి, అరసెకనుకొకటి. హఠాత్తుగా మళ్ళీ నిశ్శబ్దం. ఎవరో గుసగుసగా ఒక మాట. చిత్రం పేరు. "ఎలా ఉంది మాస్టారూ?" అన్నాడు.

"హంతకుడు ఆ డాక్టరేనా?" అన్నాను.

వాడి ముఖం వాడిపోయింది. అన్ని మోతల మధ్య ట్రైలరే ఆ సంగతి చెప్పేసింది మరి. గోడ మొత్తం కూలగొట్టి, మెడ ఎత్తి చూడమంటే ఎవరు చూస్తారు?

దీనికి ఎదురువాదం లేకపోలేదు. 2000లో 'వాట్ లైస్ బినీత్' అనే చిత్రం ట్రైలర్ కథలోని మలుపులన్నీ ముందే చెప్పేసిందని విమర్శ వచ్చింది. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ అభిప్రాయం వేరు. ప్రేక్షకులు టిక్కెట్టు కొనేముందు తమకేం దొరుకుతుందో తెలుసుకోవాలని కోరుకుంటారని ఆయన వాదన. కొట్టిపారేయదగ్గ మాట కాదు. నలుగురున్న కుటుంబం హాలుకు వెళ్ళి వస్తే ఎంతవుతుందో నెలజీతగాళ్ళకు వేరే చెప్పాలా? పిల్లలతో చూడదగ్గదా కాదా అని తల్లి తెలుసుకోవాలనుకోవడంలో తప్పేముంది?

తప్పులేదు. ఏ రకం చిత్రమో, ఎంత భయముందో, ఎంత నెత్తురుందో నిజాయితీగా చెప్పవలసిందే. పాటల పుస్తకం రచయిత కూడా ముప్పాతిక కథ చెప్పాడు గదా! ఆ మిగిలిన పాతిక మాత్రం ఎవరి సొత్తు? అది ప్రేక్షకుడిది. డబ్బిచ్చి కొనుక్కునేది దాన్నే. ట్రైలర్లో దాన్ని పంచిపెట్టడమంటే పెళ్ళికి పిలిచి, వాకిట్లోనే తాంబూలం చేతిలో పెట్టి పంపేయడం.

కాబట్టి ఈసారి ఇంట్లో అందరూ కలిసి ట్రైలర్ చూసినప్పుడు చిన్న పరీక్ష పెట్టండి. అది ఆగిపోయాక, మీ మనసులో మిగిలిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని పిల్లల్ని అడగండి. పెట్టె తెరిస్తే ఏముంటుంది, ఆమె ఎందుకు అబద్ధమాడింది, ఇలాంటిదేదో చెబితే వెళ్ళి చూడవచ్చు. ప్రశ్నేమీ లేదు, చెవులు గింగురుమంటున్నాయి అంటే ఇంట్లోనే ఉండి పకోడీలు వేసుకోవడం మేలు.

ఇక మొదటి ఆటకే వెళ్ళి వచ్చి, భోజనాల దగ్గర హంతకుడి పేరు చెప్పేసే బావమరిది ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. ఆయనకు మాత్రం ఏ శాస్త్రంలోనూ మందు లేదు. ఆయన విస్తట్లో ముద్దపప్పు కాస్త ఎక్కువ వడ్డించండి. నోరు ఖాళీ లేకుండా ఉంటుంది.