మేడ కట్టేవాడి ప్రాణానికి పూచీ ఎవరిది?

హాస్టల్లో చేరిన రోజు అందరం ఒకే రకం దరఖాస్తు నింపాం. అందులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. మాలో చాలామందిమి ఆ గడిలో 'కూలి' అని రాశాం. ఏ కూలి అని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఈ వార్షికోత్సవ సంచికలో హాస్టల్ జ్ఞాపకాలు రాయమన్నారు కాబట్టి, ముందు ఆ గడిని పూర్తిగా నింపుదామనుకున్నాం.

దుబ్బాక, తొగుట, మిరుదొడ్డి, చిన్నకోడూరు పల్లెల నుంచి సద్దిమూటతో బస్సెక్కి, రాజీవ్ రహదారి మీద దాదాపు నూరు కిలోమీటర్లు పోయి, జేబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, కొంపల్లి వైపు చెదిరిపోయే కూలి అది. సుతారి పని, సెంట్రింగ్ పని, రాడ్డు వంచే పని, ఇటుకలు మోసే పని. నాన్న ఒక్కడే పోతే నెలకోసారి ఇంటికి వస్తాడు. అమ్మ కూడా పోతే ఇంటికి తాళం, మాకు హాస్టల్. మా చదువులకు ఈ హాస్టల్ ఎంత ఆధారమో, ఆ మేడల పని కూడా అంతే ఆధారం. అందుకే ఈ విషయం మాకు పేపర్లో చదివే విషయం కాదు.

కొన్నేళ్ళ కింద ఒక రాత్రి స్టడీ అవర్‌లో వార్డెను గారి సెల్ మోగింది. మా జూనియర్ తమ్ముడొకడిని పిలిచి, బ్యాగు సర్దుకోమన్నారు. వాళ్ళ నాన్న నగరంలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు నుంచి లిఫ్టు కోసం వదిలిన గుంతలో పడ్డాడు. గుంతకు అడ్డం ఒక కర్ర కూడా లేదు. చీకట్లో పైపు మోసుకొస్తూ కాలు వేశాడు. మేస్త్రీ ఆసుపత్రిలో చేర్చి ఫోను ఆపేశాడు. మాలో ఇద్దరం సీనియర్లం తోడు వెళ్ళాం. ఆ రెండు రోజులు మేం విన్న మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "అతను మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అన్నాడు సబ్ కాంట్రాక్టరు. "లేబరు సంగతి సబ్ కాంట్రాక్టరు చూసుకుంటాడు" అన్నాడు కాంట్రాక్టరు. పెద్ద సారును కలుస్తామంటే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. ఆ గేటు పక్కనే నిలువెత్తు బోర్డు మీద కంపెనీ పేరు, ఈతకొలను బొమ్మ, ఫ్లాటు కొనేవాళ్ళ కోసం ఫోను నంబరు ఉన్నాయి. మేం ఆ నంబరుకే ఫోను చేశాం. "టూ బెడ్‌రూమా, త్రీ బెడ్‌రూమా సార్?" అని అడిగింది అవతలి అమ్మాయి.

చివరికి పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంత ఇప్పించి, తెల్లకాగితం మీద వాళ్ళమ్మ వేలిముద్ర తీసుకున్నారు. ఆ కాగితంలో ఏం రాశారో ఆమెకు తెలియదు. అతను ఆ పనిలో ఉన్నట్టు చూపించే కాగితం ఇంకొకటి లేదు. హాజరు పుస్తకం లేదు, కూలి చీటీ లేదు. మేస్త్రీ జేబులో ఉన్న చిన్న నోటుబుక్కులో 'సిద్దిపేట ఆరుగురు' అని మాత్రం రాసి ఉంది.

ఇదొక్క తమ్ముడి ఇంటి కథే అయితే ఇంత రాసేవాళ్ళం కాదు. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. విజయనగరం జిల్లా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలి కుటుంబాలు. వాళ్ళు కడుతున్న మేడలోనే కాపురం ఉన్నారు. కూలిన తర్వాత అది అనుమతి లేని కట్టడమని తేల్చారు. ఏడంతస్తులు లేచేదాకా ఎవరి కంటా పడలేదంటే నమ్మాలా? 2024 మే 7న బాచుపల్లిలో వానకు అపార్ట్‌మెంట్ గోడ కూలి, దాన్ని ఆనుకుని వేసిన కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు. అందులో నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. ఆ బాబు ఏ పనీ చేయలేదు, అమ్మానాన్నలు పనిచేసే చోట నిద్రపోయాడంతే.

మనవాళ్ళు పొరుగు రాష్ట్రానికి పోయినా ఇదే కథ. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది. పిడుగు పడి కూలిందని మొదట బిల్డరు పక్షం చెప్పింది. పక్కనే ఉన్న జంట భవనం కూడా ప్రమాదకరమని తేలి, 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో దాన్ని కూల్చేశారు. పిడుగు మీద కేసు పెట్టలేరు కదా, అందుకే మన దేశంలో ప్రమాదం జరగ్గానే వానో, పిడుగో, చచ్చిపోయినవాడి అజాగ్రత్తో ముందుకు వస్తాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసమే కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. పది మంది పనిచేసే చోట తాగునీరు, మరుగుదొడ్డి, ఉండడానికి చోటు, ప్రథమ చికిత్స అన్నీ యజమాని బాధ్యత అన్నది. కాంట్రాక్టరు పరిహారం ఇవ్వకపోతే యజమానే కట్టాలన్నది. ఇంత మంచి మాటలు రాసి, భద్రతా నియమాలు మీరితే శిక్ష మాత్రం మూడు నెలల దాకా జైలు, లేకపోతే రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేకపోతే రెండూ అన్నది. రెండు వేలు! ఒక అంతస్తుకు వల కట్టించే ఖర్చు కంటే జరిమానాయే చవక. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత స్మృతి అమల్లోకి వచ్చింది. అందులో యజమాని బాధ్యత తప్పడం వల్ల మనిషి చనిపోతే రెండేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షలకు తక్కువ కాకుండా జరిమానా, లేదా రెండూ. జరిమానాలో కనీసం సగం చనిపోయినవారి కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. పాతదానికంటే నయమే, కాదనం. కానీ ఆ 'లేదా' అనే చిన్న మాట చూడండి. 2023లో కోకాపేటలో ఎకరం భూమి 100 కోట్లు దాటి వేలంలో పోయింది. అంత పెట్టి భూమి కొన్నవాడికి ఐదు లక్షలు ఒక లెక్కా?

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. ఫ్లాటు కొనేవాళ్ళు మోసపోతున్నారని 2016లో రెరా చట్టం చేశారు. కొనేవాళ్ళ నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టాలి. అప్పగించిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగు చేయాలి. ప్రాజెక్టును నమోదు చేయకపోతే ప్రాజెక్టు విలువలో పది శాతం దాకా జరిమానా. అక్కడ "నాకు తెలియదు, కాంట్రాక్టరు చేశాడు" అంటే చెల్లదు. గోడ పగిలితే బిల్డరు దొరుకుతాడు. ఆ గోడ కట్టినవాడి తల పగిలితే ఎందుకు దొరకడు? కొన్నవాడి చేతిలో అగ్రిమెంటు ఉంది, ఇతని చేతిలో ఏమీ లేదు. తేడా అదే.

యజమాని తలచుకుంటే ఏం చేయగలడో చూపే ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో 1990ల నుంచీ, కట్టేవాడితో పాటు కట్టించేవాడి మీద కూడా భద్రత బాధ్యత పెట్టే నిబంధనలున్నాయి. 2012 లండన్ ఒలింపిక్ పార్కును ఒక్క కార్మికుడి ప్రాణం పోకుండా కట్టారు. వేలమంది పనిచేసిన చోటు అది. వాళ్ళ ఇటుక వేరే, మన ఇటుక వేరే కాదు.

కార్మికుల పేరు మీద డబ్బు కూడా లేకపోలేదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేస్తారు. నూరు కోట్ల కట్టడం మీద కోటి రూపాయలు. 2018 మార్చి 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దేశమంతా కలిపి 37,400 కోట్లకు పైగా వసూలైతే, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు. ఆ ఖర్చులో కార్మికుల కోసం వాషింగ్ మెషిన్లు, ల్యాప్‌టాప్‌లు కొన్న లెక్కలు చూసి కోర్టే విస్తుపోయింది. రేకుల షెడ్డులో నీళ్ళకే దిక్కులేని అమ్మకు వాషింగ్ మెషిన్!

బిల్డర్లు ఒక మాట అంటారు. హెల్మెట్లు ఇచ్చినా పెట్టుకోరు, బెల్టు ఇచ్చినా కట్టుకోరు అని. ఇందులో కొంత నిజం ఉంది, మా ఇళ్ళలోనే చూశాం. కానీ గుత్త పనిలో గజానికి ఇంత అని లెక్క కట్టినప్పుడు, బెల్టు విప్పి కట్టే సమయం కూలీ జేబులోంచే పోతుంది. రోజుకు ఇంత పని దిగాలని నిర్ణయించేది పైన ఉన్నవాడు, తొందరపడ్డాడని నింద మాత్రం కిందవాడికి. అదీగాక, గుంతకు అడ్డం కట్టడం, గోడ పక్కన షెడ్డు వేయకపోవడం హెల్మెట్టుతో సంబంధం లేని పనులు.

మా కోరిక పెద్దదేం కాదు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు బోర్డు మీద ఎవరి పేరు ఉంటుందో, మనిషి పోయినప్పుడు కేసులో మొదట ఆ పేరే ఉండాలి. మేస్త్రీ పేరు తర్వాత రాసుకోవచ్చు. నివాసయోగ్యతా పత్రం ఇచ్చే ముందు అగ్నిమాపక అనుమతి చూసినట్టే కార్మికుల హాజరు పట్టిక, ప్రమాదాల వివరం కూడా చూడాలి. రెరాలో ప్రతి ప్రాజెక్టు వివరాల కింద అక్కడ ఎంతమంది గాయపడ్డారు, ఎంతమంది పోయారు అన్నది కొనేవాళ్ళకు కనపడాలి. నగరం సంగతి అలా ఉంచినా, 2016లో జిల్లా అయ్యాక మన సిద్దిపేటలోనూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఊరు చిన్నది, బిల్డర్లు ఎవరో అందరికీ తెలుసు. ఇక్కడ మొదలుపెట్టడం ఇంకా తేలిక.

పూర్వ విద్యార్థులైన అన్నలతో ఒక మాట. ఈ హాస్టల్లో అన్నం తిన్నవాళ్ళు ఇవాళ సైట్ ఇంజనీర్లుగా, మున్సిపల్ ఉద్యోగులుగా, పోలీసులుగా ఉన్నారు. ఒకరిద్దరు కాంట్రాక్టర్లు కూడా అయ్యారు, సంతోషం. అన్నా, సేఫ్టీ రిజిస్టరులో 'అంతా సక్రమం' అని సంతకం పెట్టే చెయ్యి మీదే. పైనుంచి ఒత్తిడి ఉంటుందని మాకు తెలుసు, ఉద్యోగం పోతుందనే భయమూ తెలుసు. కనీసం లిఫ్టు గుంత దాకా నడిచి వెళ్ళి చూసి పెట్టండి.

తమ్ముళ్ళకు కూడా ఒకటి. ఎండాకాలం సెలవుల్లో ఫీజుల కోసమని మనలో కొందరం ఇటుకలు మోయడానికి పోయాం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు లేబర్ కార్డు రాదు. ఏమన్నా జరిగితే అక్కడ నువ్వు పనిచేశావని చెప్పేవాడు ఉండడు. పోకండి. పద్దెనిమిది దాటి అరవై లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన అమ్మానాన్నలకు మాత్రం కార్డు ఉందో లేదో అడగండి, ఉంటే గడువు చూడండి.

దీనికోసం ఒక నోటుబుక్కు కొన్నాం. వార్డెను గారి గదిలో, ఔట్‌పాస్ రిజిస్టరు పక్కన పెట్టాం. అమ్మ లేదా నాన్న ఏ సైటులో పనిచేస్తున్నారు, గేటు బోర్డు మీద ఎవరి పేరుంది, మేస్త్రీ పేరు, సెల్ నంబరు, కార్డు నంబరు అని గడులు గీశాం. నెలకు ఇంటికి పోయినవాళ్ళు అడిగి తెచ్చి రాయాలి. సైటు మారితే కొట్టేసి మళ్ళీ రాయాలి. మొదటి పేజీలో ఆ తమ్ముడే రాశాడు. వాళ్ళ నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, కూలికి పోయేది వాళ్ళమ్మ.