చుట్టాల చుక్కలు

మా బాన్సువాడలో ఇప్పుడు ఏ వాడకట్టులో చూసినా ఓ వ్యాపారం నడుస్తోంది. బోర్డు ఉండదు, కొట్టు ఉండదు, గల్లాపెట్టె అసలే ఉండదు. ఒక ఫోను, పొయ్యి మీద ఓ మూకుడు, కాకపోతే కుట్టుమిషను. పచ్చళ్ళు, సకినాలు, మగ్గం వర్కు జాకెట్లు ఫొటో తీసి పెట్టడం, కొరియర్లో వెయ్యడం. సంతోషించవలసిందే! ఇల్లాలి ఖాతాలో నేరుగా పడే డబ్బు ఏ రూపంలో వచ్చినా నేను చప్పట్లు కొడతాను. నా పేచీ అంతా ఆ చుక్కలతోనే.

అవేనండీ, స్టార్లు. ఊరగాయ ఇంకా జాడీలో ఊరకముందే ఫోన్లు మొదలవుతాయి. "వదినా, లింకు పంపిన. జర అయిదు స్టార్లు కొట్టి రెండు మంచి మాటలు రాయరాదు!" తోటికోడలు కొడుతుంది. మేనత్త కొడుతుంది. అమెరికాలో ఉన్న మేనల్లుడు పచ్చడి ముఖమైనా చూడకుండానే "అచ్చం అమ్మచేతి రుచి" అని రాసి మరీ కొడతాడు. సాయంత్రానికి నలభై మంది మెచ్చిన సీసా తయారు. తిన్నవాళ్ళు మాత్రం సున్న.

"ఇందులో తప్పేముందండీ, పెళ్ళిచూపుల్లో మన పిల్ల బంగారమని చెప్పమా?" అంటారు. చెప్తాం. కానీ వచ్చినవాళ్ళకి మనం పిల్ల మేనత్తలమని తెలుసు. మన మాటలో ఎంత తరుగు తియ్యాలో వాళ్ళే తీసుకుంటారు. ఎక్కడో విశాఖలో కూర్చుని చుక్కలు చూసి డబ్బు పంపే ఆవిడకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నేను దాన్ని మోసమనే అంటాను. ఘాటుగా ఉంటే ఉండనివ్వండి.

నేనొక్కదాన్నే అనడం లేదు. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ వేషం వేసుకుని అభిప్రాయాలు రాయకూడదని మన దేశంలో 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలే చెబుతున్నాయి. ఈ రివ్యూల తీరు ఎలా ఉండాలో 2022 నవంబరులో ప్రభుత్వం ఒక ప్రమాణం కూడా తెచ్చింది. ఇక మేనల్లుడున్న అమెరికాలో అయితే 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూల మీద నిషేధమే అమల్లోకి వచ్చింది. యజమానులు దగ్గర చుట్టాల చేత చుట్టరికం దాచి రాయించడాన్ని కూడా అందులో కలిపారు. పాపం, పిల్లాణ్ణి ఎందుకు ఇరికిస్తారు?

చట్టం మాట అటుంచండి. నా బాధ పక్క సందులోని మనిషి గురించి. ఆవిడకి చుట్టాలు తక్కువ, ఫోన్లున్న చుట్టాలు మరీ తక్కువ. నిజంగా తిన్నవాళ్ళిచ్చిన ఏడు రివ్యూలే ఆవిడ ఆస్తి. మన నలభై అబద్ధాల కింద ఆ ఏడు నిజాలూ ఎవరి కంటా పడవు. పిల్లల ఫీజులు ఆ మూకుడు మీదే కడుతోందని మనకి తెలిసీ చేస్తున్నాం.

పోనీ, చుక్కలతో పేరు నిలుస్తుందా? 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి పచ్చళ్ళ గొడవ మీరందరూ విన్నదే. ఫోను తెర మీద బోలెడు పేరున్నవాళ్ళే. ధర ఎక్కువన్న పాపానికి ఓ కొనుగోలుదారుకి బూతులతో జవాబు వెళ్ళింది. ఆ గొంతు ఊరూరా మోగింది, దుకాణం కట్టేసుకోవలసి వచ్చింది. పొగిడినవాళ్ళెవరూ అడ్డుపడలేదు.

మా వాడకట్టులో ఒకావిడ సకినాలు ఓసారి కొరియర్లో నలిగి పొడిపొడిగా చేరాయి. కొన్నావిడ ఒకే ఒక్క చుక్క ఇచ్చి, "సకినాలడిగితే పిండి పంపారు" అని రాసింది. చుట్టాలందరూ "తీసెయ్యమని బతిమాలు" అన్నారు. ఈవిడ బతిమాలలేదు. దాని కిందనే "నిజమేనమ్మా, కవర్లో పెట్టడం నా తప్పు. డబ్బాలో పెట్టి మళ్ళీ పంపుతున్న, పైసలొద్దు" అని రాసింది. ఇప్పుడు కొత్తగా ఆర్డరిచ్చేవాళ్ళు "డబ్బాలోనే పంపుతారుగా?" అని అడుగుతున్నారట. అంటే ఏం చదివి వస్తున్నట్టు?

అన్నట్టు, కొనేవాళ్ళం మనమేమైనా తక్కువ తిన్నామా? చీర బాగుంటే మడతపెట్టి బీరువాలో పెడతాం. పంపినావిడకి ఒక్క మాట రాయడానికి బద్ధకం. బాగా లేకపోతే ఆవిడకి తప్ప వీధంతా చెప్తాం. మొహమాటానికి అబద్ధపు చుక్కలు, బద్ధకానికి నిజం చుక్కలు లేవు. ఇదీ మన వరస.

ఈసారి లింకు వస్తే నేను చెప్పే మాట ఇదే: "సీసా పంపు వదినా, డబ్బులిచ్చే తింటాను. తిన్నాక రాస్తాను, ఉప్పెక్కువైతే అదీ రాస్తాను." ఆవిడ రెండు రోజులు మాట్లాడదు. మూడో రోజు సీసా వస్తుంది. ఉప్పు రెండుసార్లు చూసి మరీ పంపుతుంది.