ఏజెంటుకు అర్థమయ్యేలా రాయగలరా?

ఉబుంటులో ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’ అని కొడితే ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతుంది? ఏదీ కాదు! కొత్త వెర్షన్లు ఏమున్నాయో జాబితా మాత్రమే వస్తుంది. వాటిని ఇన్‌స్టాల్ చేసేది ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’. ల్యాబ్‌లో అయితే ఈ తేడా పక్కనున్న సీనియర్ చెప్పేస్తాడు. కానీ ఇప్పుడు కమాండ్ కొట్టేది మనిషే కానక్కర్లేదు. ‘ఈ సర్వర్‌ను అప్‌డేట్ చెయ్’ అంటే చాలు, ఏఐ ఏజెంట్ తనే కమాండ్ రాసుకుని రన్ చేసేస్తోంది. ఆప్ట్ లాంటి పేరున్న టూల్ గురించి దానికి ముందే తెలిసి ఉండొచ్చు. మరి ఒక కంపెనీ తన అవసరానికి రాసుకున్న అప్‌డేట్ స్క్రిప్ట్ సంగతి? దానికి ఆధారం ఆ కోడ్, దాంతోపాటు మనం రాసిపెట్టిన డాక్యుమెంటేషన్. అంతే.

నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీల్లో చదివి, ఉద్యోగం కోసం అమీర్‌పేట బస్సెక్కే మిత్రులకు నేను చెప్పేది ఇదే. కోడ్ రాయడంతో పాటు, దాన్ని ఎలా వాడాలో తేటగా రాయడం కూడా ఇప్పుడు ఒక నైపుణ్యం. దాన్ని చిన్నచూపు చూడకండి.

మన మిర్చి రైతునే తీసుకోండి. పురుగుమందు డబ్బా మీద ‘తగినంత నీళ్లలో కలపండి’ అని రాస్తే ఊరుకుంటాడా? లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు కొట్టాలి, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలి... అన్నీ అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు. తెలియనిచోట ఊహించుకుని ముందుకెళ్తుంది. చిక్కంతా అక్కడే.

వంద అంటే ఫెయిలా?

ఫెడోరా లైనక్స్‌లో ‘డీఎన్ఎఫ్ చెక్-అప్‌డేట్’ అనే కమాండ్ ఉంది. అప్‌డేట్లు ఏమీ లేకపోతే 0, ఉంటే 100, పొరపాటు జరిగితే 1 తిరిగిస్తుంది. మామూలుగా 0 కాకపోతే ఫెయిలైనట్టు లెక్క. మాన్యువల్‌లో ఆ ఒక్క ముక్క రాసి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే 100 చూసి, టూల్ చెడిపోయిందనుకుని ఏజెంట్ ఇంకేదో ప్రయోగం మొదలుపెట్టొచ్చు.

అలాగే డెబియన్, ఉబుంటుల్లో అప్‌గ్రేడ్ మధ్యలో ‘పాత కాన్ఫిగరేషన్ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అని ప్రశ్న వస్తుంది. ఏం జవాబివ్వాలో ముందే రాసిపెట్టకపోతే పని అక్కడే ఆగిపోతుంది. అంతకంటే ప్రమాదం, ఏజెంట్ ఏదో ఒకటి ఎంచుకుని, మనం మార్చుకున్న సెట్టింగులన్నీ పోగొట్టడం.

అప్‌డేట్ అంటే ఎంత పెద్ద వ్యవహారమో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది డాక్యుమెంటేషన్ లోపం కాదు, ఏజెంట్ చేసిన పనీ కాదు. కానీ అంతటి పనిని ఏజెంట్ చేతిలో పెట్టేటప్పుడు, రాసిపెట్టిన సూచన అర్ధాకలిగా ఉంటే ఎలా?

‘డాక్యుమెంటేషన్ కూడా ఏఐయే రాసేస్తుంది కదా’ అంటారు. రాస్తుంది, వ్యాకరణం తప్పకుండా రాస్తుంది. కానీ ఈ సర్వర్‌ను పగలు రీస్టార్ట్ చేయకూడదని, ఈ ప్యాకేజీ వెర్షన్ మారిస్తే బిల్లింగ్ ఆగిపోతుందని దానికెవరు చెప్పాలి? ఆ పని చేసి చూసినవాళ్లే చెప్పాలి. ఆ చూసినవాళ్లు మీరు కావచ్చు.

ఏం రాయాలి?

• ఈ కమాండ్ ఏం మారుస్తుంది, ఏం మార్చదు.
• ఏమీ మార్చకుండా ముందు పరీక్షించడం ఎలా. ఆప్ట్-గెట్‌లో ‘సిమ్యులేట్’ ఆప్షన్ ఇందుకే ఉంది.
• మధ్యలో వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు.
• తిరిగొచ్చే ప్రతి నంబరుకీ అర్థం.
• బెడిసికొడితే వెనక్కి వెళ్లే దారి.
• ఎక్కడ ఆగి మనిషిని అడగాలి.

ఇవి రాయడానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. ఒక వాక్యంలో ఒకే విషయం, సందిగ్ధం లేని మాట. ‘అవసరమైతే రీస్టార్ట్ చేయండి’ అనకుండా, ‘రన్ ఫోల్డర్‌లో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైల్ కనిపిస్తే, అడ్మిన్ అనుమతి తీసుకుని రీస్టార్ట్ చేయండి’ అనాలి. తెలుగు మీడియం నుంచి వచ్చామని వెనకాడేవాళ్లకు ఇది అడ్డంకి కాదు. చిన్న వాక్యాలే ఇక్కడ బలం.

ఏజెంట్ల కోసం ప్రాజెక్టులో ‘ఏజెంట్స్ డాట్ ఎండీ’ అనే ఫైల్ పెట్టే పద్ధతి 2025లో బాగా వ్యాపించింది. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అలాంటిదొకటి రాయండి. ఒక వర్చువల్ మెషీన్‌లో ఏజెంట్‌కు ఆ ఫైల్ ఇచ్చి, అప్‌డేట్ చేయమనండి. అది ఎక్కడ తడబడిందో చూసి, ఆ వాక్యం సరిచేయండి. ముందు రాసింది, సరిచేసింది రెండూ గిట్‌హబ్‌లో ఉంచండి.

దీంతో ఉద్యోగం ఖాయమని నేననను. కానీ ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు’ అని అడిగితే, సర్టిఫికెట్ పేరు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ‘నేను రాసిన సూచన ఇది, దాంతో ఏజెంట్ ఇక్కడ తప్పింది, ఇలా మార్చాక పని పూర్తిచేసింది’ అని చూపించేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండండి.