లోకల్ ఛానల్ క్యాసెట్లు ఏమయ్యాయి?

సెట్ టాప్ బాక్సు రిమోట్ నొక్కుతూ పోతే ఛానళ్లు వందల్లో వస్తాయి. వంటలకొకటి, భక్తికొకటి, వార్తలకి డజను. వాటిల్లో మన ఊరి కూరగాయల మార్కెట్టు కనిపించేది ఏదో చెప్పండి చూద్దాం! కాలవకి నీళ్లొదిలారన్న సంగతి, ఫలానా మేష్టారు పోయారన్న కబురు, బోస్ రోడ్డులో ఎవరిదో తాళంగుత్తి దొరికిందన్న మాట... ఇవన్నీ ఏ నెంబరులో వస్తాయి?

మా తెనాలిలో ఒకప్పుడు వీటికో నెంబరుండేది. కేబుల్ వాళ్ల సొంత ఛానల్ అది. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. దాని అసలు పేరేదైనా జనం నోట్లో మాత్రం 'లోకల్'.

కాస్త వెనక్కి వెళ్దాం. చాలాకాలం మనకి టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని శాటిలైట్‌లో చూశామని పట్నాల్లో చెప్పుకున్నారు. ఆ ఏడాదే స్టార్ టీవీ వచ్చింది. ఇక మేడల మీద డిష్‌లు మొలిచాయి. ఈటీవీ, జెమిని మొదలైంది 1995లో. అందాకా ఇంట్లో కూచుని తెలుగు సినిమా చూడాలంటే దూరదర్శన్ దయ, లేకపోతే లోకల్ వాడి వీసీఆర్.

ఆ స్టేషన్ అంతా కలిపి ఒక గది. పైన డిష్, లోపల రెండు వీసీఆర్లు, ఒక కంప్యూటరు, వరసగా పేర్చిన డబ్బాలు. వాటిని మాడ్యులేటర్లు అనేవాళ్లు. ఒక్కో డబ్బా ఒక్కో బొమ్మని ఒక్కో ఛానల్ నెంబరు మీదికి ఎక్కిస్తుంది. అన్నిటినీ కంబైనర్ కలిపి ఒకే వైర్లోకి తోస్తుంది. ఆ వైరు స్తంభాల మీదుగా, వేపకొమ్మల సందుల్లోంచి మన కిటికీ దాకా వస్తుంది. వైరు పొడుగయ్యేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది కాబట్టి మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు. ఆ డబ్బా ఎవరి గోడకుంటే కరెంటు వాళ్లది, బదులుగా కనెక్షన్ ఫ్రీ. వాళ్లింట్లో ఫ్యూజు పోయిందంటే అవతల వీధంతా చుక్కలే!

"బాబాయ్, బొమ్మ రావట్లేదు" అని ఫోన్ చేస్తే, "చివరింటి మామ్మగారు మెయిన్ కట్టేసి గుడికెళ్లారు. వచ్చేదాకా ఆగండిరా" అని జవాబొచ్చేది. మేమంతా ఆయన్ని కేబుల్ బాబాయ్ అనే పిలిచేవాళ్లం. బిల్లు వసూలుకి ఆయనే, వైరు తెగితే స్తంభం ఎక్కేదీ ఆయనే, పెళ్లి రోజు శుభాకాంక్షలు టైపు చేసి స్క్రోలింగ్ వేసేదీ ఆయనే.

ఇంకో తమాషా ఉంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. అది చాలా పెద్ద తీర్పు. బాబాయికి మాత్రం తరంగాలతో పనే లేదు, ఆయనకి వైరుంది! అదే ఏడాది కేబుల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకుంటే సరిపోయేది. కార్డులూ కవర్లూ కొనే చోటే టీవీ నడుపుకునే కాయితం కూడా ఇచ్చారన్నమాట.

అదంతా సత్యకాలం అని నేననను. కొత్త సినిమా రిలీజైన వారానికే హక్కుల్లేకుండా వేసేసిన లోకల్ ఛానళ్లు కోకొల్లలు. నిర్మాతలు మొత్తుకున్నారంటే న్యాయమే. ఎన్నికలొస్తే యజమాని ఏ పార్టీ అయితే ఛానలూ ఆ పార్టీయే. కానీ తేడా వస్తే జనం నేరుగా వెళ్లి గది తలుపు కొట్టి "ఏవయ్యా, అదేం వార్త?" అని నిలదీసేవాళ్లు. ఇప్పుడు ఏ ఛానల్ తలుపు కొట్టగలం?

నాకు అన్నిటికన్నా గుర్తుండేది నాటకాలు. స్థానం నరసింహారావు గారు వేషాలు కట్టిన శ్రీరామ విలాస సభ మా ఊరిదే. ఆ గాలి తగిలి మా దగ్గర పద్యం రానివాడు తక్కువ. ఎక్కడ పద్యనాటకం ఆడినా బాబాయి కెమెరా తీసుకెళ్లి స్టేజీ ముందు స్టాండు వేసేవాడు. మర్నాడు రాత్రి లోకల్‌లో వేసేవాడు. మా పెదనాన్న నక్షత్రకుడి వేషం వేసిన నాటకం అలాగే వచ్చింది. వీధి వీధంతా చూసింది. ఆయన రేడియోలో పాడలేదు, సినిమాలో కనపళ్లేదు. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్లోనే.

తర్వాత డిజిటల్ వచ్చింది. మాలాంటి మునిసిపాలిటీ ఊళ్లకి కేంద్రం పెట్టిన గడువు 2015 డిసెంబరు 31. చిన్న ఆపరేటర్లు పెద్ద కంపెనీల సిగ్నల్ తీసుకుని పంచేవాళ్లుగా మారారు. బొమ్మ అద్దంలా వచ్చింది, కాదన్ను. కొన్ని ఊళ్లలో లోకల్ ఛానల్ ఇంకా బతికుంది కూడా. మా వీధిలో మాత్రం మాడ్యులేటర్లు పాత ఇనప సామాన్ల వాడికి పోయాయి. డబ్బాలు పోతే పోనీ. క్యాసెట్ల మాటేమిటి?

ఒక వీహెచ్ఎస్ క్యాసెట్లో మూడు గంటలు పడుతుంది. ఖాళీ క్యాసెట్ అంటే డబ్బుతో పని కాబట్టి పాతదాని మీదే కొత్తది ఎక్కించేవాళ్లు. రికార్డు కాకుండా వెనకాల చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసినా, ఆ కన్నం మీద సెల్లో టేపు అతికించి మళ్లీ వాడేవాళ్లు. అలా ఎన్ని హరిశ్చంద్రల మీద ఎన్ని పెళ్లిళ్లు పడ్డాయో! మిగిలినవాటికి మన కోస్తా చెమ్మ శత్రువు. టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అటు వీసీఆర్లు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లో ఆపేసింది. టేపుల మీదున్నది త్వరగా కాపాడుకోండని 2019లో యునెస్కో ప్రపంచమంతటికీ చెప్పింది.

పెదనాన్న క్యాసెట్ బాబాయి వాళ్ల అటక మీద దొరికింది. సగం బూజు. శుభ్రం చేయించి ఎక్కిస్తే నలభై నిమిషాలు నిలిచింది. రెండు చోట్ల గొంతు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. అయినా మా పెద్దమ్మ మూడుసార్లు వేయించుకుని చూసింది.

అందుకే ఈ వారం మీకో పని చెప్తున్నాను. మీ ఊరి పాత కేబుల్ ఆపరేటర్ ఇంటికి ఓసారి వెళ్లండి. అటక మీద ఏమున్నాయో అడగండి. బూజు పట్టినవి నేరుగా వీసీఆర్లో పెట్టకండి. టేపు తెగుతుంది, ఆ బూజే వీసీఆర్‌కి అంటి తర్వాతి క్యాసెట్‌నీ పాడుచేస్తుంది. బాగున్నవి ముందు ఎక్కించండి. పనిచేసే వీసీఆర్, కంప్యూటర్‌కి తగిలించే చిన్న క్యాప్చర్ పరికరం ఉంటే చాలు. మూడు గంటల టేపుకి మూడు గంటలూ పడుతుంది, అడ్డదారి లేదు. ఎక్కించినదానికి రెండు కాపీలు తీసి, ఒకటి మీ ఊరి లైబ్రరీకిచ్చి, తేదీ, నాటకం పేరు, వేషధారుల పేర్లు రాసిపెట్టండి. ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇప్పుడైతే ఇంకా ఉన్నారు.